వంశం అడుగుతారు, పళ్ళు చూడరు

ఒకే తల్లి పిల్లలు జతకట్టగా పుట్టిన గినీ పిగ్‌ను తెచ్చుకోవద్దు, దానికి ఎప్పుడూ రోగమే, తొందరగా చచ్చిపోతుంది: పెంపుడు జంతువులంటే ఇష్టమున్నవాళ్ళలో ఈ మాట బాగా స్థిరపడింది. రెండు తెచ్చి ఒకే గూట్లో వదిలితే గుంపై, సాకలేక ఎవరికో అప్పగించినవాటిలో ఇలాంటివీ ఉంటాయి. కాబట్టి ఈ సలహా పాటిస్తే, ఎవరో ఒకరు చేరదీయాల్సిన జీవాలకే చోటు దొరకదు. చెప్పేవాళ్ళది మంచి ఉద్దేశమే, కానీ ఆధారాన్ని సగమే చదివారు.

ఆ ఆధారం పాతదే. అమెరికా వ్యవసాయ శాఖ 1906లో గినీ పిగ్‌లలో తోబుట్టువుల జతల్ని తరం వెంట తరం కొనసాగించడం మొదలుపెట్టింది. 1915లో ఆ పనిలో చేరిన సీవల్ రైట్ 23 కుటుంబాల లెక్కలు తీసి 1922లో ప్రచురించాడు. నష్టం నిజమే. ఈతలు తగ్గాయి, ఈతకు పిల్లలు తగ్గాయి, పుట్టినప్పటి బరువు తగ్గింది, పాలు మానేదాకా బతికినవి తగ్గాయి, మొత్తం మీద క్షయను తట్టుకునే శక్తీ తగ్గింది. అయితే అన్ని కుటుంబాలూ ఒకేలా దిగజారలేదు. ఒక లక్షణంలో చితికినది మరోదానిలో గట్టిగా నిలిచింది. వేర్వేరు కుటుంబాల్ని కలిపితే మొదటి తరంలోనే సత్తువ చాలావరకు తిరిగొచ్చింది. వాటిలో 2, 13 అనే వంశాలు దశాబ్దాల తర్వాతా ప్రయోగశాలల్లో నిలిచాయి. శాస్త్రవేత్త బరూజ్ బెనసెరాఫ్‌కు 1980లో నోబెల్ తెచ్చిన పరిశోధనలో వాటి పాత్ర ఉంది.

నష్టం ముఖ్యంగా పసికూనల మీద, సంతానం మీద పడిందని గమనించాలి. పెంపకానికి ఇచ్చేనాటికి పిల్ల పాలు మాని, మేత తింటూ, ఆ గండం దాటి ఉంటుంది. సంతానం తగ్గడమంటారా, ఇంట్లో ముద్దుగా పెంచుకునేదాన్ని ఈనించే పనే లేదు. అలాగని ప్రమాదమే లేదనను. మేనరికాలు తెలిసిన మనవాళ్ళలో కొందరు, మనుషులకే లేని బాధ జంతువులకేమిటని కొట్టిపారేస్తారు. మనుషులకు లేదన్నదే తప్పు, పైగా లెక్కే వేరు. ఒకే పూర్వీకుడి జన్యువు రెండువైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం మేనబావ, మరదళ్ళ సంతానంలో 16లో ఒకటి, మేనమామ, మేనకోడళ్ళ సంతానంలో 8లో ఒకటి, తోబుట్టువుల జతలో 4లో ఒకటి. తర్వాతి తరాల్లోనూ అదే సాగితే ఇంకా పెరుగుతుంది. అయినా బాగా పేరుపడ్డ ఒక పుట్టులోపానికి రక్తసంబంధంతో పనే లేదు. ఒంటినిండా తెల్లవెంట్రుకలు కలిసిన రోన్ రంగువాటిని, డాల్మేషియన్ మచ్చలవాటిని ఒకదానితో ఒకటి జతకడితే, ఎంత దూరపు వంశాలవైనా, సగటున నాలుగింట ఒక పిల్ల తెల్లగా, చిన్న కళ్ళతోనో అసలు కళ్ళు లేకుండానో, పళ్ళ లోపాలతో పుడుతుంది.

చేరదీసినదానికి కనిపించని జబ్బు తర్వాత బయటపడదా అంటారు. పడొచ్చు. వంశం తెలియని అంగడి పిల్లకూ అంతే, అక్కడ మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ఈ జంతువు ప్రాణం తీసేవి మామూలు నిర్లక్ష్యాలే. మనిషిలాగే ఇదీ విటమిన్ సి తయారుచేసుకోలేదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు మేతలోనే అందాలి. పళ్ళు జీవితాంతం పెరుగుతాయి, ఎండుగడ్డి నమలకపోతే అరగవు, నోరు కదపలేక తిండి మానేస్తుంది. ఆడది నాలుగైదు వారాలకే కడుపుతో ఉండగలదు. తొలి ఈత ఆరేడు నెలలు దాటాక వస్తే, కటి ఎముకలు బిగుసుకుపోయి కాన్పులో చావొచ్చు. తోబుట్టువుల జతకు పుట్టినవాటిని తీసుకుంటే అడ్డగోలుగా ఈనించేవాళ్ళకు ఊతమిచ్చినట్టేనన్న అభ్యంతరంలో కొంత నిజముంది, డబ్బిచ్చి కొన్నప్పుడు. సాకలేక వదిలేసినదాన్ని తెచ్చుకుంటే అలా ఈనించేవాళ్ళకు దక్కేదేమీ లేదు.

కాబట్టి తెచ్చుకునేవాళ్ళు ముందు పళ్ళు, కళ్ళు, ముక్కు చూడండి, ఆడదైతే కడుపుతో ఉందేమో వైద్యుడికి చూపించండి, వారానికోసారి తూకం వేయండి. మగపిల్లల్ని మూడో వారానికే తల్లి నుంచీ చెల్లెళ్ళ నుంచీ వేరుచేయండి.