కళ్ళు చెప్పింది, డైరీ చెప్పింది

"కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు పట్టుకుంది, న్యాయం గెలిచింది!" హత్యకేసులో విడుదల తీర్పు తిరగబడిన ప్రతిసారీ మన లంచ్ టేబుళ్ళ దగ్గర ఇదే చప్పట్లు. ఇంతకీ సాక్షి ఆ మనిషిని సరిగ్గా చూశాడా అని అడిగితే చాలు, హంతకుల తరఫు వకీలువా అంటారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సాక్షి బోనులో తడబడటం కళ్ళారా చూసేది కింది జడ్జి. హైకోర్టుకి చేరేవి కాగితాలు. అందుకే రెండు అభిప్రాయాలకు తావున్నప్పుడు విడుదలను కదపకూడదని సుప్రీంకోర్టు 2007లో చంద్రప్ప కేసులో చెప్పింది. గుర్తింపు పరేడ్ లేకుండా, ఏళ్ళ తర్వాత కోర్టులో నిలబెట్టినవాడి వైపు వేలు చూపించి "వీడే" అంటే... ఆ వేలొక్కటే ఆధారంగా ఒకడికి జీవితఖైదు వేస్తామా?

అలాగని ఇలాంటి విడుదలలన్నీ తాకకూడనివీ కావు. హాషింపురా చూడండి. 1987 మే 22న మీరట్‌లోని ఆ పేట నుంచి 40 మందికి పైగా ముస్లిం మగవాళ్ళని ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసులు (పీఏసీ) లారీ ఎక్కించి, కాలవ గట్టున కాల్చి నీళ్ళలోకి తోసేశారు. బతికి బయటపడ్డవాళ్ళు మొహాలు గుర్తుపట్టలేకపోయారు. చీకటి, పైగా వాళ్ళ నెత్తిన హెల్మెట్లు. 2015 మార్చిలో ఢిల్లీ కోర్టు 16 మందినీ వదిలేసింది. హత్యలు నిజమే, చేసింది వీళ్ళేనని రుజువు కాలేదంది.

2018 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ మురళీధర్, జస్టిస్ వినోద్ గోయెల్ ఆ తీర్పు కొట్టేసి 16 మందికీ జీవితఖైదు వేశారు. సాక్షుల కళ్ళని బలవంతంగా నమ్మి కాదండీ. ఆ రోజు లారీ ఏది, డ్యూటీలో ఎవరెవరున్నారు అన్నది 1987 నాటి జనరల్ డైరీ లాంటి రికార్డుల్లోంచి తేల్చుకుని. "నేను చూశాను, ఎర్రర్ వచ్చింది" అని యూజర్ అంటే మనమేం చేస్తాం? లాగ్ పంపమంటాం కదా, అదే.

కడుపు మండే సంగతి ఇంకోటుంది. ఆ డైరీ ఆకాశంలోంచి ఊడిపడలేదు, అది సర్కారు వారి పుస్తకమే. మానవ హక్కుల కమిషన్ అప్పీల్లో పట్టుబట్టాక, 2018లో గానీ అదనపు సాక్ష్యంగా బయటికి రాలేదు. ముప్పై ఏళ్ళు దాటాక! 2015 జడ్జిని అమ్ముడుపోయాడని తిట్టినవాళ్ళు, ఆయన బల్ల మీద ఆ పుస్తకం పెట్టనివాళ్ళని ఒక్క మాటైనా అన్నారా?