తెగేది తుప్పుకు కాదప్పా, తొందరకు

తుప్పు పట్టిన నట్టు కనపడితే చాలు, మనోళ్లు పానాకు మూడడుగుల పైపు తొడుగుతారు. ఇద్దరు పట్టుకొని వేలాడతారు. టక్కుమంటాది. అప్పుడు అందరిదీ ఒకటే మాట: "పాత బండి కదన్నా, తెగక ఏం చేస్తాది?" ఈ మాట తప్పు అని చెప్పేదానికే ఇంత పొడుగు రాస్తాండా.

నేను చెప్పేది ట్రాక్టర్ ఇంజన్ హెడ్డుకు సైలెన్సర్ మానిఫోల్డును పట్టి ఉంచే స్టడ్ల గురించి. పాత కర్నూలు, కడప జిల్లాల్లో ఇరవై, ముప్పై ఏళ్ల బండ్లు ఇంకా సేద్యం చేస్తానే ఉండాయి. ప్యాకింగ్ పోయి పొగ పక్కకు కొట్టిందంటే ఆ స్టడ్ల మీద చెయ్యి పెట్టక తప్పదు.

"వానల్లేని సీమలో తుప్పేందప్పా?" అని నవ్వేటోళ్లు ఉన్నారు. ఇంజన్ నడిస్తే ఆ చోటు వందల డిగ్రీలు వేడెక్కుతాది, ఆపితే చల్లారతాది. రోజూ ఇదే. అంత వేడిలో ఇనుము ఊరికే గాలి తగిలినా పొర కడతాది. దానికి తోడు రాత్రి మంచు, బండి కడిగిన నీళ్లు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటాది. థ్రెడ్డు సందుల్లో ఉబ్బి నట్టును బిగబడతాది. దాన్ని ఒక్క ఊపుతో తిప్పితే తుప్పు వదలదు, స్టడ్డే మెలి తిరిగి తెగుతాది.

తెగితే ముక్క హెడ్డులోనే ఉండిపోతాది. డ్రిల్లు పెట్టేదానికి చోటు లేకపోతే హెడ్డు విప్పి ప్రొద్దుటూరుకో, నంద్యాలకో, ఆదోనికో లేత్ షాపుకు మొయ్యాల. మూడు నాలుగు దినాలు పాయె. మనకు ఏడాదికి పడేదే ఆరేడు వందల మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు. ఎర్రనేలల్లో చెనిక్కాయ విత్తనమైనా, కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్లలో అక్టోబరు శనగ అయినా, పదును ఉన్నప్పుడే గొర్రు తోలాల. బండి విప్పి ఉంది కదా అని పదును ఆగదు. బాడిగ బండి దొరికినా, వాని సేను అయిపోయినాకే మన సేనుకు వస్తాది. ఒక నట్టు దగ్గర పడిన తొందర పంట మీదికి వచ్చేది ఇట్ల.

ఆ పని ఎట్ల చెయ్యాలో చెప్తా. ఇంజన్ చల్లారినాక ఇనుప బ్రష్షుతో బయట ఉన్న థ్రెడ్డు రుద్దాల, నట్టు బయటికొచ్చే దారి అదే. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాల, దొరక్కపోతే డీజిలన్నా పొయ్యాల. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండు దినాలు. మధ్యమధ్య చిన్న సుత్తితో నట్టును తట్టాల, అదిరితేనే నూనె లోపలికి దిగుతాది. ఆరు మూలల బాక్సు పానా వాడాల. పన్నెండు మూలలది అరిగిన నట్టును గుండ్రం చేసి పెడతాది. మొదట బిగించే వైపు రవ్వంత కదిలించాల. కదిలితే పావు చుట్టు విప్పు, కొంచెం వెనక్కి తిప్పు, మళ్లీ నూనె పొయ్యి. అప్పటికీ మొండికేస్తే గ్యాస్ మంట, అదీ నట్టు మీద మాత్రమే. నట్టు వేడికి సాగి పట్టు వదులుతాది. నూనె అంతా తుడిచి, డీజిల్ లైను లీకు లేదని చూసుకున్నాకే మంట పెట్టాల. కాలిన మానిఫోల్డు మీద చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగులుతాది, జాగ్రత్త.

ఒకవేళ తెగినా, ముక్క కొంచెం బయట ఉంటే దానికి ఒక నట్టు వెల్డింగ్ పెట్టించండి. ఆ వేడికే చాలాసార్లు వదులుతాది. ఈజీ అవుట్ పెట్టి బలం చూపించొద్దు. అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని తినలేదు. తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్, కొత్త స్టడ్లు, ఇత్తడి నట్లు, థ్రెడ్డుకు కాపర్ గ్రీజు. ఇత్తడి ఇనుము మాదిరి తుప్పు పట్టి పట్టేసుకోదు. మళ్లీ విప్పినప్పుడు ఆ ఖర్చు విలువ తెలుస్తాది.

ఇది మెకానిక్కులను తిట్టేదానికి రాయలే. మనూర్లలో వాళ్లకు కట్టేది పనికి ఇంత అని. దినమంతా నూనె పోసి కూర్చుంటే వాని ఇల్లు గడవదు. పైగా రైతు నెత్తిన నిలబడి "ఇంకా ఎంతసేపబ్బీ?" అంటాడు. ఓపికకు కూలి కట్టని చోటికి పైపే వస్తాది. కాబట్టి నూనె పోసే పని రైతే రెండు దినాల ముందు చేసి పెట్టాల, ఆపైన మెకానిక్కును పిలవాల.

ఇంకొందరు పెద్దమనుషులు ఉన్నారు. "అమ్మేసి కొత్తది తీసుకో" అంటారు. కొత్త బండికి కంతులు ఎవరు కడతారు? వాన రాని ఏడు గూడా కంతు వస్తాది. ఆ కొత్త బండిలో ఉండేదీ ఇనుమే, పదేళ్లకు అదీ తుప్పు పడుతుంది. ఓపిక నేర్చుకోనోడు అప్పుడు దాన్నీ అమ్ముకోవాల్సిందే.

ఏప్రిల్, మే నెలల్లో బండి ఊరికే ఉంటాది కదా. మానిఫోల్డు అంచున నల్లని మసి గీత ఉందేమో చూడండి. ఉంటే అప్పుడే మొదలుపెట్టండి. పదునైన రోజు పొద్దున కాదు.