జీపు మనది, పానా ఎవరిది?

మన్యంలో జీపు విలాసం కాదు. పసుపు, అల్లం, పిప్పళ్ళు సంతకు చేర్చేది అదే, నొప్పులొచ్చిన ఆడబిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ అదే. పదిమంది కూర్చునే చోట ఇరవైమంది వేలాడతాం, అది వేరే కథ. ఆ బండి మనవాళ్ళదే, నడిపేదీ మనవాడే. బోనెట్ ఎత్తాల్సి వచ్చేసరికి మాత్రం ఘాట్ దిగి షెడ్డు వెతుక్కుంటాం. ఎందుకు?

"మనకేం తెలుసు సార్, చెయ్యి పెడితే పాడైపోద్ది" అంటారు మన కుర్రాళ్ళు. ఈ మాట మన నోట పుట్టింది కాదు. మనకు మోసే భుజాలే ఉన్నాయి, బుర్ర లేదు అన్నవాళ్ళు మనకు అంటించి పోయిన మాట. గొడ్డలి నూరుకోకుండా పోడుకు వెళ్ళిన తాత ఎవరైనా ఉన్నాడా? వింటినారి బిగువు వేలితో చూసి చెప్పిన జాతికి ఫ్యాన్ బెల్టు బిగువు చూడటం చేతకాదా? బండి ఆపి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే కొద్దిగానే లొంగాలి. బాగా దిగిపోతే వదులైనట్టు. అంచులు పీచులు లేస్తే దాని రోజులు దగ్గరపడినట్టు. ఇంతే!

ఆ బెల్టు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఒక వానాకాలం నిండు చూలాలిని ఎక్కించుకుని పాడేరు వైపు వస్తున్న జీపు దారిలో ఆగిపోయింది. బెల్టు తెగింది, నీళ్ళ పంపు ఆగింది, నిమిషాల్లో ఇంజన్ పొగలు కక్కింది. ఆ బెల్టు పీచులు లేచి వారాలవుతోందని తర్వాత తెలిసింది. సీటు కింద ఒక కొత్త బెల్టు లేదు, విప్పడానికి పానా లేదు. మిగతా దారి ఆమెను డోలీలో మోశాం. తల్లీ బిడ్డా బతికారు. అది వాళ్ళ అదృష్టం, మన ప్రతాపం కాదు. ఆ జీపులో మేము, అంటే ఇద్దరు పంతుళ్ళం, కూర్చునే ఉన్నాం. ఘర్షణ అంటే ఏమిటో ఏటా బల్ల మీద చాక్‌పీసుతో చెప్పేవాళ్ళం, పీచులు లేచిన బెల్టు ముందు నోరెళ్ళబెట్టాం.

అందుకే ముందు మమ్మల్నే తిట్టుకోవాలి. బడి గేటు ముందు జీపు ఆగి ఉంటుంది. లోపల పిల్లలు కందెన వల్ల ఘర్షణ తగ్గుతుందని బట్టీ పడుతుంటారు. గ్రీజు గన్ను ఎలా ఉంటుందో వాళ్ళు చూడలేదు, మేమూ చూపించలేదు. చదువుకున్నవాడి చేతికి నల్లమరక అంటకూడదనే బుద్ధి మాకూ ఎక్కింది మరి. శిక్షణ కాలేజీలో మాకు అలాంటి చదువే చెప్పారు.

1/70 చట్టం మన భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా అడ్డం నిలబడింది. జీపు మీద వచ్చే డబ్బుకి అలాంటి అడ్డు లేదు. ఫిల్టర్ మార్చినందుకు కొంత, గ్రీజు కొట్టినందుకు కొంత, "మొత్తం విప్పాలి" అన్న భయానికి ఇంకొంత, అన్నీ ఘాట్ దిగిపోతున్నాయి. ఏది విప్పాలో, ఏది విప్పక్కర్లేదో తెలియనివాడితో ఎవరూ బేరం ఆడరు.

ఇంత చేస్తే నేర్చుకోవలసింది ఎంత? పొద్దున్నే బండి చదునుగా ఉన్నచోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, గేజి కర్ర తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడటం. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటించి పోసేవాళ్ళున్నారు, అదీ చేటే. వేడి రేడియేటర్ మూత ముట్టుకోకపోవడం. మన దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. కాగితం ఫిల్టర్ అయితే లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టాలి, బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్ళు దించాలి. వాగు దాటాక బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కుతూ ఆరబెట్టాలి. చక్రాల దాకా మునిగిన బండికి హౌసింగ్‌లో ఆయిల్ కూడా చూడాలి. పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే, మార్చాల్సిందే. కమాన్లకు, షాఫ్టు క్రాసులకు గ్రీజు పాతది బయటికి వచ్చేదాకా కొట్టాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు.

"మెకానిక్ పొట్ట కొడతారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. కొట్టం. బ్రేకులు విప్పడం, స్టీరింగు, గేర్‌బాక్సు తెలిసినవాడికే వదలాలి. ఘాట్‌లో మనల్ని నమ్మి ఎక్కినవాళ్ళ ప్రాణాలతో ప్రయోగాలు చేయకూడదు. అయితే ఆ తెలిసినవాడు మన ఊరివాడే ఎందుకు కాకూడదు? ఊరివాడే అనేశాం గానీ, మా ఎనిమిదో తరగతి అమ్మాయిలిద్దరు మొన్న మాకంటే ముందే బోనెట్ కింద తల పెట్టారు.

వచ్చే శనివారం మధ్యాహ్నం నుంచి బడి వెనక ఖాళీ స్థలంలో ఒక జీపు ఆగి ఉంటుంది. డ్రైవరు ఒప్పుకున్నాడు. పంతుళ్ళూ రావాలి, ఇస్త్రీ చొక్కాలు ఇంట్లో వదిలి. గేజి కర్ర తుడవడానికి ఎవరి పాతగుడ్డ వాళ్ళే తెచ్చుకోండి.