చెరువు వలకు ఏ దారము?

నూలును నమ్ముకొని బ్రతుకు మనకు చేపల వలతో పని యేమని కొందరు సోదరులు అడుగవచ్చును. వలయును దారపు పనియే. పైగా “ప్లాస్టిక్ వలలు చెరువులను చెరుపుచున్నవి, నూలు వలలు మరల రావలెను, మన ఇండ్లకు పని దొరకును” అను మాట మనవారిలోనే వినవచ్చుచున్నది. మాట ఇంపుగానే యున్నది. అయినను సంఘము సొమ్ము దానిపై పెట్టుటకు ముందు మంచిచెడ్డలు తూచి చూడవలెనని మా అభిప్రాయము.

బాగేపల్లి, చింతామణి ప్రాంతపు చెరువులు వానను నమ్ముకొన్నవి. నీరున్న కొద్ది నెలలలోనే కట్ల, రోహు పెరిగి వలలో పడవలెను. ఆ పని జరుగునప్పుడు వల కుళ్లిపోయినచో పట్టువానికి ఆ ఏటి కూడు పోయినట్లే.

నూలు తడిసినప్పుడు బలము పెరుగును. నైలానుకు కొంత తగ్గును. ఇది మనకు గర్వకారణమే. కాని నీటిలోని సూక్ష్మజీవులు నూలును తినివేయును. తంగేడు చెక్క కషాయములో ముంచినను, ప్రతిసారి ఆరబెట్టినను, కుళ్లు ఆలస్యమగునే గాని ఆగదు. తడిసిన వల బరువు వేరే బాధ.

నైలాను కుళ్లదు. వలలకు వాడునది సాధారణముగా 210 డెనియరు పోగు. అనగా 9,000 మీటర్ల పోగు 210 గ్రాములు తూగును. మన లెక్కలో సుమారు 25వ నంబరు నూలు సన్నము. దీనిని పేటలు వేసి పురి పెట్టుదురు. ముడి జారు గుణము కలదు, ఎండకు బలము తగ్గును. కావున గట్టిగా ముడివేసి, నీడలో దాచవలెను. తెగిన కన్ను మరల అల్లుకొనవచ్చును.

ఒంటిపోగు నైలాను వల చేపకు కనబడదు, బాగుగ పట్టును. కాని బాగుచేయుట కష్టము. చినిగిన దానిని గట్టున పారవేయుదురు. నీటిలో తప్పిపోయినది చేపలను, తాబేళ్లను చంపుచునే యుండును. పాలిథీన్ దారము నీటికంటె తేలిక, మొరటు. తాళ్లకు తగును గాని సన్నని నిలువు వలకు తగదు.

కావున చెరువు వలకు పురిపెట్టిన నైలానే మేలని నూలువారమైన మేమే చెప్పుచున్నాము.

అట్లని నూలుకు చోటు లేకపోలేదు. అమెరికాలోని అలాస్కాలో పీతల బోనుకు ఒక సందును శుద్ధమైన నూలు దారముతోనే కుట్టవలెనని నిబంధన. బోను తప్పిపోయినచో దారము కుళ్లి తెగును, పీతలు బయటపడును. కుళ్లుటయే అక్కడ నూలుకు గుణమైనది.

మనమును ఇట్లు చేసి చూడవచ్చును. వల పైతాడుకు బెండ్లను నూలుతో కట్టవలెను. వల తప్పిపోయినచో ఆ కట్లు కుళ్లి బెండ్లు ఊడును, వల అడుగున కూలును. కట్ల బలము తగ్గినప్పుడెల్ల వాటిని మార్చుకొనవలెను. ఇందుకు మగ్గముపై మిగులు పడుగు కొసలను పురిపెట్టిన సరిపోవును. పాలియెస్టరు కలిసిన నూలు మాత్రము పనికిరాదు.

దీనివలన పెద్ద రాబడి రాదు. కాని కుళ్లు వలను అమ్మి పొరుగువాని నమ్మకము పోగొట్టుకొనుటకంటె, పనికివచ్చు మూరెడు దారమిచ్చుట మేలు. సోదరులు ఆలోచింపవలెనని మనవి.