మాదాపురమున గుణాభివృద్ధి

1998 నవంబరు 22వ తేదీన మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి శ్రీ వాజపేయిగారు ప్రారంభించిరి. నాటి రాతిగుట్టల చోట నేడు అద్దాల మేడలు నిలిచియున్నవి. వానియందు గుణాభివృద్ధి పేరిట ఏటేట ఎన్నియో ప్రయత్నములు నడుచుచున్నవి. యోగ్యతాపత్రములు గోడలపై మెరయుచున్నవి. కాని ఏ లోపమును ముందుగా సవరింపవలెనను ప్రశ్నకు పెక్కుతావుల సమాధానము పై యధికారి తలంపే గాని లెక్క గాదు. ఇందువలన మన యువకుల శ్రమ వ్యర్థమగుచున్నదని మేము విచారించుచున్నాము.

చెరువునీరు జారిపోవుచుండగా బుద్ధిమంతుడగు రైతు కట్టనంతయు మూరెడెత్తు పెంచబోడు. తూముకడ కారుచున్నదో, ఎలుకబొరియ పడినదో చూచి అచ్చటనే మన్ను కొట్టించును. సాఫ్టువేరు పనికిని ఇదియే న్యాయము. ఖాతాదారులు తెలిపిన లోపములను కారణముల ననుసరించి వేరుచేసి, ఏది ఎన్నిమారులు కలిగినదో, దానిని సరిచేయుటకు ఎన్ని గంటలు పట్టినవో వ్రాసి చూచినచో, నష్టములో పెద్దభాగమునకు కొలది కారణములే మూలమని తరచుగా తేలును. అమెరికా పండితుడు జూరాన్ ఈ సూత్రమునకు ఇటలీ అర్థశాస్త్రజ్ఞుడగు పరేటో పేరు పెట్టెను. అయితే సంఖ్యయొక్కటే చాలదు. నూరుమారులు దొరలిన అక్షరదోషముకన్న బ్యాంకు లెక్కను ఒక్కమారు తారుమారు చేసిన దోషము ఘనమైనది కదా! ఒక నెలలో ఫిర్యాదులు నాలుగు పెరిగినంతనే పరుగులెత్తుటయు తగదు. సహజమైన హెచ్చుతగ్గులను నిజమైన కీడునుండి వేరుచేయు పటమును షూహార్ట్ 1924లోనే గీచి చూపెను.

ఈ విద్య మనకు పరాయిదియు గాదు. స్వాతంత్ర్యము వచ్చిన కొలదినెలలకే మహలనోబిస్ గారి యాహ్వానముపై ఆ షూహార్టే మన దేశమునకు విచ్చేసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన ఆచార్య సి. ఆర్. రావుగారు 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము నందిరి. వారి పేర నెలకొన్న పరిశోధనాలయము హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణముననే, ఈ మేడలకు కూతవేటున నున్నది. వారి పేరిట దారియు నున్నది. దానిమీదుగా పనికి పోవువారిలో ఆ శాస్త్రమును పనికి తెచ్చుకొనువారెందరు?

లెక్క యున్నను అది సత్యము కానినాడు ప్రయోజనమేమి? సత్యం కంప్యూటర్సు సంస్థకు 2008లో సత్పరిపాలనకై గోల్డెన్ పీకాక్ బహుమానము లభించెను. 2009 జనవరి 7వ తేదీన దాని యధ్యక్షుడు, పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని స్వయముగా లేఖ వ్రాసెను. అది ధనపు లెక్క, ఇది దోషముల లెక్క యనవచ్చును. కాని దోషముల సంఖ్యను బట్టి జీతము కోసినచో, ఏ యుద్యోగి తన దోషమును చిట్టా కెక్కించును? కావున రాత్రివేళ ఫిర్యాదులు వినుచున్న కుఱ్ఱవారికి, తాము కనిపెట్టిన లోపమును దండనభయము లేక వ్రాయు హక్కు నీయవలెనని యజమానులను కోరుచున్నాము. ఆ చిట్టాను చూచిన పిమ్మటనే తరువాతి ప్రయత్నమునకు సొమ్ము మంజూరు చేయుదురు గాక.