ఆడుకునే పిల్లలున్న పట్టణం

బబులోను చెర నుండి తిరిగివచ్చి, పాడైన యెరూషలేమును చూసి కుమిలిపోతున్న ప్రజలకు దేవుడు జెకర్యా ద్వారా ఓ చక్కని వాగ్దానం చేశాడు. పట్టణం మళ్లీ నిలబడుతుందనడానికి గుర్తుగా ఆయన చూపింది కోటగోడలను కాదు. చేతికర్రలతో వీధుల్లో కూర్చున్న వృద్ధులను, ఆ వీధుల నిండా ఆడుకునే మగపిల్లలను, ఆడపిల్లలను చూపాడు (జెకర్యా 8:4,5). ఆడపిల్లల్ని ఆయన మరచిపోలేదు, మనమే మరచిపోతున్నాం.

స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్లలోనూ స్కూలు బస్సు, ట్యూషన్, సెల్‌ఫోన్ కలిసి పిల్లల ఆటల్ని మింగేస్తున్నాయి. మన దేశంలో 5 నుండి 19 ఏళ్లలోపు స్థూలకాయులు 1990లో దాదాపు 4 లక్షలుంటే, 2022 నాటికి 1.25 కోట్లకు చేరారని లాన్సెట్ పత్రిక 2024లో ప్రకటించింది. పిల్లవాడు బొద్దుగా ఉంటే ఆశీర్వాదమని మురిసిపోతాం. ఆ బొద్దుతనం వెనకే షుగరు, బీపీ వస్తాయని గ్రహించం. అలాగని లావుగా ఉన్న బిడ్డను పదిమందిలో వెక్కిరించడమూ పాపమే. మార్చాల్సింది ఇంటి అలవాట్లను.

శరీర సాధనకన్నా భక్తి మిన్న అని పౌలు తిమోతికి రాశాడు గనుక ఆటలు వ్యర్థమనే బోధకులున్నారు. సాధన వల్ల కొంత మేలుందని కూడా పౌలు అక్కడే ఒప్పుకున్నాడు. పైగా తోటివారు ఓడెక్కితే త్రోయ నుండి అస్సుకు కాలినడకన వెళ్లిన మనిషి ఆయన (అపొ. కా. 20:13). ఆయనకు వేరే వ్యాయామమెందుకు? నిజానికి ఆటలు సంఘానికి పరాయివి కావు. 1891లో బాస్కెట్‌బాల్, 1895లో వాలీబాల్ అమెరికాలో వైఎంసీఏ శిక్షకుల చేతుల్లోనే పుట్టాయి. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ఆరంభించి, డ్రిల్లు మాస్టార్లను తయారుచేశాడు.

అలాంటి వారసత్వమున్న మన చర్చి ఆవరణలకు ఆదివారం ఆరాధన ముగియగానే తాళం పడుతోంది. 5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గేటు సాయంత్రం ఓ గంట తెరిస్తే, ఇద్దరు యౌవనస్థులు దగ్గరుంటే కబడ్డీకి, ఖోఖోకు ఖర్చేముంటుంది? పుట్టినరోజు కృతజ్ఞతా కూడికల్లో కూల్‌డ్రింకుకు బదులు మజ్జిగ, పల్లీపట్టి పెట్టవచ్చు. సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పిన పిల్లలకు ఈ క్రిస్మస్‌కు చాక్లెట్ డబ్బా కాకుండా స్కిప్పింగ్ తాడు ఇచ్చి చూడండి.