గ్రంథాలయ ప్రాంగణంలో వేసవి ప్రదర్శనలు

రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయినది. ఆ దారిన పనికై తరలివెళ్లిన తెలుగు కుటుంబాలకు ఛత్తీస్‌గఢ్ ‘నాచా’ కొత్తదే గాని వింత కాదు. మన తూర్పు భాగవతం వలెనే అది ఆరుబయట, తెల్లవార్లూ సాగే ఆట. 1923లో రాయపూర్‌లోనే జన్మించిన హబీబ్ తన్వీర్ ఆ నాచా కళాకారులతోనే 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ నాటకాన్ని రూపొందించగా, 1982లో అది ఎడింబరో ఫ్రింజ్ ఉత్సవంలో బహుమతి పొందినది. విదేశాలు మెచ్చిన ఆ కళను చూచుటకు రాయపూర్ ట్రాక్‌మన్‌కు, పోస్ట్‌మన్‌కు చోటెక్కడ?

గ్రంథాలయోద్యమ కాలం నుండి మన పఠనాలయాల ముంగిళ్లు హరికథలకు, ఉపన్యాసాలకు వేదికలే. రైల్వే ఇన్‌స్టిట్యూట్ల గ్రంథాలయాలకూ ఆవరణలున్నవి. వేసవి రాత్రులలో వాటిని పెళ్లిళ్లకు అద్దెకిచ్చుటకన్న ఉచిత ప్రదర్శనలకు తెరువుమని మన శాఖలు కోరవలెను. తపాలా కుటుంబాలకూ, బస్తీవాసులకూ ప్రవేశముండవలెను.

ఒక్క మాట. ప్రేక్షకునికి ఉచితమన్నంత మాత్రాన ఆడేవాని కూలి ఎగవేయరాదు. ఉద్యోగుల సంక్షేమ నిధి నుండి కళాకారునికి న్యాయమైన పారితోషికం ముందుగానే చెల్లించవలెను. ఇది కార్మిక సంఘం అడుగవలసిన మొదటి షరతు. రాత్రి డ్యూటీలోని వారికొరకు, రోస్టరు మారిన పిమ్మట అదే ఆటను మరల ఆడించవలెను.